ఇళ్లకంటే ముందు రోడ్డు: దార్ ఎస్ సలామ్ అనుభవం

2022 జనగణన ప్రకారం టాంజానియాలోని దార్ ఎస్ సలామ్ జనాభా 53 లక్షలు దాటింది. ఇంత వేగంగా పెరిగే నగరంలో, ఉన్న కొద్దిపాటి డబ్బును ప్రభుత్వం ముందుగా దేనిమీద ఖర్చు పెట్టాలన్న ప్రశ్నకు పట్టణ ఆర్థికశాస్త్రం చాలా విలువైన జవాబు చెబుతుందని నా నమ్మకం.

1970, 80 దశకాల్లో ప్రపంచ బ్యాంకు సాయంతో అక్కడ రెండు రకాల పనులు జరిగాయి. సింజా వంటి చోట్ల దాదాపు ఖాళీగా ఉన్న నేలమీద లేఅవుట్ వేసి, రోడ్లూ నీటి గొట్టాలూ అమర్చి, ఇల్లు కట్టుకునే పనిని జనానికే వదిలేశారు. మంజేసే వంటి చోట్ల అప్పటికే కిక్కిరిసిన బస్తీలకు ఆ వసతులను తర్వాత చేర్చారు. దశాబ్దాల తరువాత ఆర్థికవేత్తలు పోల్చి చూస్తే, మొదటి రకం పేటల్లో ఇళ్లు పెద్దవిగా, వరుస తప్పకుండా, మెరుగైన వసతులతో ఉన్నాయని, రెండో రకంలో అలాంటి మేలు నిలవలేదని తేలింది. ఇళ్లు లేచాక రోడ్డు వెయ్యాలంటే గోడలు కూల్చాలి, పరిహారం ఇవ్వాలి, సెప్టిక్ ట్యాంకు లారీ కూడా పట్టని సందులో మురుగు కాలువ తవ్వాలి.

అయితే ఆ మంచి పేటల్లో ఎక్కువ చదువుకున్నవారే స్థిరపడ్డారన్నదీ నిజం. అందుకే కొత్త లేఅవుట్లలో పేదలు కొనగలిగే చిన్న ప్లాట్లు తప్పక ఉండాలి. రోడ్డు వల్ల పెరిగిన భూమి విలువలో కొంత పన్నుగా తీసుకుని తర్వాతి లేఅవుట్‌కు వాడాలి.