ఐపీ పెట్టినాయన దగ్గర స్థలం కొన్నవాళ్ల సంగతి

పలాస, కాశీబుగ్గ వైపు ఒక జీడి వ్యాపారి ఐపీ పెట్టాడంటే, అంటే అప్పులు తీర్చలేనని కోర్టులో దివాలా పిటిషన్ వేశాడంటే చాలు, రెండు రకాల ఏడుపులు వినిపిస్తాయి. "ఆస్తంతా ముందే పెళ్లాం పేరున రాసీసాడు, ఇంకేటి దొరుకుతాది" అని అప్పిచ్చినవాళ్లు, "అతని దగ్గర స్థలం కొన్నాను, ఇప్పుడు నా గతేటి" అని కొన్నవాళ్లు. ఇద్దరి భయమూ సగమే నిజం.

మన జిల్లాల్లో మామూలు మనుషుల ఐపీలకి ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే దిక్కు. 2016లో వచ్చిన దివాలా కోడ్‌లో వ్యక్తుల భాగం కంపెనీ అప్పులకి హామీ ఉన్నవాళ్లకి మాత్రమే, అదీ 2019 డిసెంబరు నుంచి అమలవుతోంది. పాత చట్టం 53వ సెక్షన్ ఏమంటుందంటే, ఆస్తి రాసిచ్చిన రెండేళ్లలోపు ఐపీ దాఖలై, కోర్టు అతన్ని దివాలాదారుగా ప్రకటిస్తే, ఆ రాతని రద్దు చేయమని అఫీషియల్ రిసీవర్ (దివాలా తీసినవాడి ఆస్తిని అప్పులవాళ్ల కోసం చూసుకునే అధికారి) కోర్టుని అడగొచ్చు. కాబట్టి ఆర్నెల్ల కిందట భార్యకో బావమరిదికో రాసిన గిఫ్ట్ డీడ్, రిజిస్టర్ అయింది కదా అని గట్టిగా నిలబడదు. రెండేళ్లు దాటితే దొర అయిపోయాడని కూడా కాదు, అప్పులవాళ్లని ముంచడానికే రాశాడని చూపించగలిగితే ఆస్తి బదిలీ చట్టంలోనూ ఒక 53వ సెక్షన్ ఉంది, అప్పులవాళ్లు అందరి తరఫునా దాని కింద దావా వేయొచ్చు.

అయితే రెండు చట్టాలూ ఒక మనిషిని వదిలేస్తాయి. మంచి మనసుతో, విలువకి తగ్గ డబ్బిచ్చి కొన్నవాడిని. పైగా కొన్నవాడిది మోసమని చూపించాల్సిన భారం మొదట రిసీవర్ మీదే ఉంటుంది. వినడానికి బాగానే ఉంది కదా, మరి మా బావకి టెన్షన్ ఎందుకు?

బావ స్థలం కొన్నది 20 లక్షలకి. దస్తావేజులో ఉన్నది 8 లక్షలు, అంటే గవర్నమెంటు వేల్యూ. ఆ 8 చెక్కు, మిగతా 12 నోట్లకట్టలు. స్టాంపు, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం కదా, ఆ లెక్కన 90 వేలు మిగిలాయని అప్పట్లో సంబరపడ్డాడు. ఏడాది తిరక్కుండా అమ్మినాయన ఐపీ పెట్టాడు. ఇప్పుడు రిసీవర్ తరఫు లాయరుకి వేరే సాక్ష్యం అక్కర్లేదు, బావ సంతకం ఉన్న దస్తావేజే చాలు: 20 లక్షల స్థలం 8కే వచ్చిందంటే ఇది అమ్మకమా, ఆస్తి దాచడమా? అసలు ధర రాసుకున్న అగ్రిమెంటు కాగితం బీరువాలో ఉంది. అది తీస్తే డ్యూటీ ఎగ్గొట్టినట్టు ఒప్పుకోవాలి, తీయకపోతే 12 లక్షలు ఇచ్చినట్టే లేదు. అమ్మినాయన నోరు విప్పుతాడా అంటే, 2015 జూన్ నుంచి స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం, పుచ్చుకున్నవాడికే జరిమానా, ఇక ఆయన ఎందుకు చెప్తాడు?

పక్క ప్లాటు కొన్న మాస్టారు హాయిగా ఉన్నారు. ఆయన నీతిమంతుడనేం కాదు, బ్యాంకు లోను కోసం గత్యంతరం లేక పూర్తి ధర రాయించారు. ఐపీ పెట్టి దాచుకునేవాళ్లని తిడతాం గానీ, నిజంగా డబ్బిచ్చి కొన్నవాడిని కూడా దొంగలా నిలబెట్టేది మన ఈ బ్లాక్ అలవాటే అని నా అభిప్రాయం. డాక్యుమెంట్ రైటర్ "అందరూ ఇలాగే రాయిస్తారండీ" అంటాడు. రేపు కోర్టుకి ఆయన రాడు కదా.

పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం గురించి చాలామంది అడుగుతారు. పెళ్లికి ముందు, ఆ పెళ్లి కోసమే రాసిచ్చినదైతే 1920 చట్టం దాన్ని కూడా వదిలేస్తుంది. పెళ్లయి పిల్లలు బడికి వెళ్తున్న కూతురికి, అప్పులవాళ్లు గుమ్మం ఎక్కిన నెలలో గుర్తొచ్చి రాసిన పసుపు కుంకుమకి ఆ రక్షణ లేదు. అలాగే పది మందికి బాకీ ఉండగా, ఐపీకి ముందు మూడు నెలల్లో కావాలని ఒక్కడి బాకీ మాత్రం తీర్చడం కూడా చెల్లకుండా పోవచ్చు.

అన్నిటికన్నా ప్రమాదం పిటిషన్ పడ్డాక, కోర్టు ఉత్తర్వు రాకముందు ఉండే కాలం. అప్పుడు కొన్నా, సరైన ధర ఇచ్చి, పిటిషన్ సంగతి తెలియకుండా కొంటే 55వ సెక్షన్ కాపాడుతుంది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే ఐపీ పిటిషన్ అందులో కనిపించదు, కాబట్టి అమ్మేవాడు అప్పుల్లో ఉన్నాడని చెవిన పడితే లాయరు చేత కోర్టులో వాకబు చేయించుకోండి. తెలియదని తర్వాత చెప్పుకోవచ్చు గానీ, కాశీబుగ్గ టీకొట్లన్నిటికీ తెలిసిన విషయం మీకొక్కరికే తెలియలేదంటే జడ్జిగారు కూడా నమ్మాలి.