గీజర్ మీద రాసిన 2000 వాట్లు మీ ఇంట్లో ఎన్ని?

గీజర్ లేబుల్ మీద "2000 వాట్లు, 230 వోల్టులు" అని ఉంటుంది. చాలామంది మొదటి అంకె చూసి ఊరుకుంటారు. రెండోది చూడకపోతే మొదటిదానికి అర్థమే లేదు. నీళ్లు కాచే ఎలిమెంటుకు సొంతమైనది దాని రెసిస్టెన్సు ఒక్కటే, దాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. వాట్లు మాత్రం ఆ పూట సాకెట్లో ఎంత వోల్టేజి ఉందో దాన్నిబట్టి మారిపోతాయి.

అందుకే ముందు ఓమ్‌లు తేల్చుకోవాలి. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి: 2000 ÷ 230 = 8.7. వోల్టులను ఆ ఆంపియర్లతో భాగిస్తే ఓమ్‌లు: 230 ÷ 8.7 = 26.4. (మనం "కరెంటు పోయింది" అంటాం గానీ అప్పుడు ముందు పోయేది వోల్టేజి. లెక్కలో కరెంటు అంటే ఆంపియర్లే. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడే తడబడతారు.)

ఊళ్లో సాయంత్రం వోల్టేజి 190కి పడిపోయిందనుకోండి. ఎలిమెంటు అదే, ఓమ్‌లూ అవే. ఆంపియర్లు 190 ÷ 26.4 = 7.2. వాట్లు 190 × 7.2, అంటే సుమారు 1370. వోల్టేజి తగ్గింది 17 శాతమే, వేడి తగ్గింది 32 శాతం. వోల్టులతోపాటు ఆంపియర్లూ పడిపోవడమే కారణం. 15 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 55కి కాగాలంటే 16 నిమిషాలు సరిపోయేది 23 పడుతుంది. ఖర్చయ్యేది మాత్రం రెండు సందర్భాల్లోనూ అర యూనిట్ పైచిలుకే.

ఎలిమెంటు బాగుందో లేదో చూడాలంటే మెయిన్ ఆపి, దాని రెండు వైర్లూ విప్పేసి, మల్టీమీటర్‌ను 200 ఓమ్‌ల రేంజిలో పెట్టండి. ముందు ప్రోబులు రెండూ ఒకదానికొకటి తాకించి చూస్తే 0.3 ఓమ్ లాంటిది ఏదో చూపిస్తుంది. అది ప్రోబు వైర్లది, తర్వాతి రీడింగులోంచి తీసేయాలి. ఎలిమెంటుకు 26 దగ్గర వస్తే బాగున్నట్టే. రీడింగే రాకపోతే కాయిల్ తెగింది. ఎలిమెంటు పిన్నుకీ బయటి లోహపు గొట్టానికీ మధ్య కొలిచినప్పుడు మాత్రం రీడింగు రాకూడదు. వస్తే లోపల లీకేజి ఉన్నట్టు, ఆ ఎలిమెంటు మార్చాల్సిందే. రానంత మాత్రాన భద్రమని కూడా చెప్పలేం. మల్టీమీటర్ చిన్న బ్యాటరీ వోల్టేజితో కొలుస్తుంది కాబట్టి సన్నని లీకేజి దానికి చిక్కదు. 500 వోల్టులు పెట్టి ఇన్సులేషన్‌ను పరీక్షించే మెగ్గర్ అనే మీటర్‌తోనే అది బయటపడుతుంది.

ఇదే పద్ధతి పాత ఫిలమెంటు బల్బుకు పనికిరాదు. 100 వాట్ల బల్బు లెక్క ప్రకారం 529 ఓమ్‌లుండాలి, చల్లగా కొలిస్తే 40 లోపే చూపిస్తుంది. ఫిలమెంటులోని టంగ్‌స్టన్ వేడెక్కేకొద్దీ రెసిస్టెన్సు పెరుగుతుంది, వెలిగేటప్పుడే అసలు విలువకు చేరుతుంది. గీజర్ కాయిల్‌లో వాడే నైక్రోమ్ (నికెల్, క్రోమియం కలిసిన లోహం) రెసిస్టెన్సు అంతగా మారదు.

ఆంపియర్లు కొలవడానికి క్లాంప్ మీటర్ మేలు, వైరు తెంపే పని ఉండదు. ఫేజ్ వైరు ఒక్కదాన్నే ఆ మీటర్ దవడల మధ్య పెట్టాలి. రెండు వైర్లున్న కేబుల్ మొత్తాన్ని పెడితే పోయేదీ వచ్చేదీ రద్దయి సున్నా చూపిస్తుంది. మల్టీమీటర్‌తోనే కొలిచేవాళ్లు ఎర్ర ప్రోబును 10 ఆంపియర్ల రంధ్రంలో మరిచిపోయి సాకెట్లో వోల్టేజి చూడబోతే, అది నేరుగా షార్టే.

ఈ లెక్కలన్నింటిలో ఎక్కువగా అక్కరకొచ్చేది మరొకటుంది. గీజర్ ఆపి ఉన్నప్పుడు బోర్డు దగ్గర వోల్టేజి చూడండి, వేశాక మళ్లీ చూడండి. 221 ఉన్నది 207కి పడిందనుకుందాం. 207 ÷ 26.4 అంటే 7.8 ఆంపియర్లు. పడిపోయిన 14 వోల్టులను 7.8తో భాగిస్తే 1.8 ఓమ్‌లు, గుణిస్తే 109 వాట్లు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బోర్డు దాకా దారిలో ఎక్కడో అంత వేడి పుడుతోంది. పొడవాటి సర్వీసు వైరంతా పరుచుకుని ఉంటే అంత ప్రమాదం లేదు. ఒకే జాయింటులో ఉంటే అది కాలిపోతుంది.

సాకెట్లో పిన్ను వదులైనా ఇంతే. వదులు కాంటాక్టుకు అర ఓమ్ చాలు: 8.7 × 8.7 × 0.5 = 38 వాట్లు. సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లతోనే సీసాన్ని కరిగిస్తుంది. ప్లగ్గు తీసి చూడండి. ఒక పిన్ను మొదట్లో ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, ఇత్తడి మెరుపు పోయి నల్లబడి ఉంటే సాకెట్టూ ప్లగ్గూ రెండూ మార్చాలి. ఒక్కటే మారిస్తే పాడైన రెండోది కొత్తదాన్నీ కాల్చేస్తుంది.

మీటరేదీ లేకపోయినా గోడమీది కరెంటు మీటరే చాలు. దానిమీద కిలోవాట్ అవర్‌కు 3200 ఇంపల్సులని రాసి ఉంటే (కొన్నింటిమీద వేరే అంకె ఉంటుంది), మిగతావన్నీ ఆపి గీజర్ ఒక్కటే వేసి, ఎర్ర లైటు నిమిషంలో ఎన్నిసార్లు మిణుకుమందో లెక్కపెట్టండి. 107 అయితే 107 × 60 ÷ 3200, రెండు కిలోవాట్లు.

మోటారు దగ్గర మాత్రం ఇవన్నీ పక్కన పెట్టాలి. వైండింగ్‌ను మల్టీమీటర్‌తో కొలిస్తే నాలుగైదు ఓమ్‌లే చూపించవచ్చు. దాంతో 230ని భాగిస్తే వచ్చే ఆంపియర్లు తిరుగుతున్న మోటారువి కావు, ఎందుకంటే తిరిగేటప్పుడు లోపల ఎదురు వోల్టేజి పుడుతుంది. వోల్టులనూ ఆంపియర్లనూ గుణించినా వాట్లు రావు, పవర్ ఫ్యాక్టర్‌తో (వోల్టులు × ఆంపియర్లలో నిజంగా వాట్లయ్యే వంతు) కూడా గుణించాలి. 5 ఆంపియర్లు, 230 వోల్టులు, పవర్ ఫ్యాక్టర్ 0.85 అయితే 1150 కాదు, సుమారు 980 వాట్లు.

లోవోల్టేజిలో గీజర్ ఆంపియర్లు తగ్గితే బోరు మోటారువి పెరుగుతాయి. ఎత్తాల్సిన నీళ్ల బరువు తగ్గదు కాబట్టి తగ్గిన వోల్టులకు బదులు మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. ఆంపియర్లు 20 శాతం పెరిగితే వైండింగులో వేడి 44 శాతం పెరుగుతుంది. డైరెక్ట్ స్టార్టర్లో ఓవర్‌లోడ్ రిలే (ఆంపియర్లు హద్దు దాటితే మోటారును ఆపేసేది) డయల్ మోటారు నేమ్‌ప్లేట్ మీది ఆంపియర్ల దగ్గరే ఉండాలి. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని దాన్ని పైకి తిప్పితే, ఆ 44 శాతం వేడికి అడ్డు చెప్పేది ఇంకేదీ ఉండదు.