బొట్టు పెట్టి చెప్పాలా?

ఇంట్లో జరిగే పండక్కి ఆహ్వాన పత్రిక రాసుకురమ్మని తెలుగు బడిలో మావాడికి హోంవర్క్ ఇచ్చారు. పదేళ్ళవాడు, పుట్టింది డాలస్‌లో. గుండ్రటి అక్షరాలతో పైన 'ఆవాహన పత్రిక' అని పెట్టాడు. దిద్దబోతే ఒప్పుకోడే! "వ్రతంలో పంతులుగారు ఆవాహయామి అన్నారుగా, అది లక్ష్మీదేవిని ఇన్వైట్ చెయ్యడమేగా?"

నాకు జవాబు తోచక తెనాలిలో ఉన్న మా నాన్నకి వీడియో కాల్ చేశాను. తెలుగు పండితుడిగా రిటైరైన మనిషి, ఇలాంటి ప్రశ్న కోసమే కాచుక్కూర్చుంటారు.

"వహ్ అంటే మోసుకురావడం. వాహనం కూడా అందులోంచి పుట్టిందే. అమ్మవారిని తెచ్చి కలశంలో కూర్చోబెడితే ఆవాహన. నీకు కావలసింది హ్వే ధాతువురా, నోరారా పిలవడం. దానికి ముందు 'ఆ' చేరితే ఆహ్వానం. దమ్ముంటే రారా అని సవాలు చేసినా అదే ధాతువు. యుద్ధాన్ని ఆహవం అనేది అందుకే."

యుద్ధం అనేసరికి మావాడు కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

తర్వాత పాణిని వచ్చాడు. ఆయన ఒకే సూత్రంలో నిమంత్రణం, ఆమంత్రణం పక్కపక్కన పెట్టాడట. ఆమంత్రణమైతే రావడం మానడం నీ ఇష్టం. నిమంత్రణమైతే రాక తప్పదు.

"మరి మేబీ, తాతా?"

వరలక్ష్మీ వ్రతానికి మేం ఫోన్లో ముప్ఫై ఇళ్ళకి పిలుపులు పంపితే పదకొండు మేబీలు వచ్చాయి. పులిహోరకి బియ్యం ఎంత పొయ్యాలో తేలక నేను రెండ్రోజులు సతమతమయ్యాను. "దానికి సూత్రం లేదురా" అని నాన్న నవ్వేశారు.

నిమంత్రణానికి వ్యాకరణంలో ఇచ్చే ఉదాహరణ మాత్రం ఆయన చెప్పలేదు. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది: కూతురి కొడుకుని తద్దినం భోజనానికి పిలవడం.

ఆ రాత్రి మావాడికి నా చిన్నప్పటి పిలుపుల గురించి చెప్పాను. పేరంటం ఉందంటే అమ్మ నా చేతికి కుంకుమ భరిణె ఇచ్చి వీధిలోకి పంపేది. నేను గుమ్మంలోనే నిలబడి, పిన్నిగారు వంగితే బొట్టు పెట్టి, "సాయంత్రం అమ్మ పేరంటానికి రమ్మంది" అని ఒక్క గుక్కలో అప్పజెప్పి పక్కింటికి పరిగెత్తేదాన్ని. వేలి సందుల్లో ఎరుపు మర్నాటికీ వదిలేది కాదు. శుభలేఖ పోస్టులో వచ్చినా సరే, బొట్టు పెట్టి పిలవలేదని అలిగినవాళ్ళున్నారు మా బంధువుల్లో.

"అంటే నువ్వు రోజూ అరిచేది ఇదేనా?" అన్నాడు. అన్నానికి ఓ పట్టాన కిందికి దిగడని 'బొట్టు పెట్టి చెప్పాలా?' అని రోజూ కేకలేస్తాను. ఇన్నాళ్ళూ అదొక తిట్టనుకున్నాడట.

మర్నాడు సాయంత్రం కంచాలు పెట్టాను. మావారు పైన ఆఫీసు మీటింగులో ఉన్నారు, పిలిస్తే పలకరు. వీడు దేవుడి గూట్లోంచి భరిణె తీసుకుని మెట్లెక్కాడు. కాసేపటికి ఆయన దిగివచ్చారు, నుదుట రూపాయి బిళ్ళంత బొట్టుతో. కెమెరా ఆన్‌లోనే ఉందట.