కారుతున్న పవర్ స్టీరింగ్: సీలు మార్చే ముందు చూడవలసినది

దిల్‌సుఖ్‌నగర్‌లోని మా అపార్ట్‌మెంటు సెల్లారులో కారు నిలిపే చోట, ముందు ఎడమ చక్రానికి కాస్త వెనకగా, నేల మీద అరచేతి పాటి ఎర్రటి మరక కనిపించి ఏడాది దాటింది. ఇంజన్ ఆయిల్ అయితే నల్లగా ఉండాలి, కూలెంట్ అయితే వేళ్ల మధ్య నీళ్లలా జారిపోవాలి. ఇది ఎర్రగా, పలుచగా, నూనెలా ఉంది. బానెట్ ఎత్తి చూస్తే పవర్ స్టీరింగ్ ఆయిల్ డబ్బాలో మట్టం కనిష్ఠ గీత కంటే కిందికి దిగిపోయింది. మా కారు 2009 మోడల్. ఇప్పటి కొత్త కార్లలో ఉండే విద్యుత్ స్టీరింగ్ కాదు, పంపుతో, నూనెతో నడిచే పాత పద్ధతి. కారును ఎక్కువగా నడిపేది నాన్నగారు. ఆయన కుడి భుజం మూడేళ్లుగా బిగుసుకుపోయి ఉంది కాబట్టి, స్టీరింగ్ బరువెక్కడమంటే మా ఇంట్లో అది వెంటనే పట్టించుకోవలసిన విషయం.

అయినా మొదటి ఎనిమిది నెలలు నేను చేసింది తప్పే. మట్టం తగ్గినప్పుడల్లా నూనె పోస్తూ వచ్చాను. మొదట చూపించిన షెడ్డులో, కారడం ఆపుతుందని ఒక చిన్న సీసా మందు అమ్మి డబ్బాలో పోశారు. అటువంటి మందులు, నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు సీళ్లను కొద్దిగా ఉబ్బించి మెత్తబరుస్తాయి. వయసు మీద పడి గట్టిబడిన సీలుకు అది కొన్నాళ్లు పనికి రావచ్చును గాని, చిరిగిన సీలును గాని, ఆ సీలు రాసుకునే ఇనుప కడ్డీ మీద పడిన గుంటను గాని ఏ మందూ పూడ్చలేదు. మూడు వారాల పాటు మరక చిన్నదైంది, ఆ తర్వాత మునుపటి కంటే పెద్దదైంది. మరొకచోట ఒక కుర్రవాడు బ్రేక్ ఆయిల్ పోయబోతే చేయి పట్టుకుని ఆపవలసి వచ్చింది. బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ ఆధారంగా తయారయ్యేది. పవర్ స్టీరింగ్ సీళ్లు ఖనిజ తైలానికి తగిన రబ్బరుతో చేసినవి. ఒకదానిలో మరొకటి పోస్తే సీళ్లన్నీ ఉబ్బి పాడైపోతాయి. మా కారు పుస్తకంలో డెక్స్‌రాన్ తరగతి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వాడే నూనె) అని స్పష్టంగా రాసి ఉంది. కొన్ని కార్లకు ఆకుపచ్చటి వేరే నూనె వాడాలి కాబట్టి, రంగును చూసి కాక పుస్తకాన్ని చూసి పోయడమే సరైన పద్ధతి.

చుక్కలుగా కారడాన్ని ఎందుకు తేలికగా తీసుకోకూడదో, ఈ ఏర్పాటు పనిచేసే తీరు తెలిశాకే నాకు పూర్తిగా అర్థమైంది. ఇంజన్ బెల్టుతో తిరిగే పంపు నూనెను తోసి, గట్టి హోస్ పైపు గుండా స్టీరింగ్ బాక్సుకు పంపుతుంది. మనం స్టీరింగ్ చక్రం తిప్పినప్పుడు, ఆ చక్రం కడ్డీకి, పినియన్ అనే చిన్న పళ్ల చక్రానికి మధ్యనున్న సన్నని మెలి కడ్డీ కొద్దిగా మెలి తిరుగుతుంది. ఆ మెలిక మేరకు వాల్వు తెరుచుకుని, ర్యాక్ కడ్డీ (ముందు చక్రాలను పక్కలకు తిప్పే పొడవాటి పళ్ల కడ్డీ) మీద ఉన్న పిస్టనుకు ఎడమ వైపుకో కుడి వైపుకో నూనెను మళ్లిస్తుంది. చక్రం పూర్తిగా ఒక పక్కకు తిప్పి పట్టుకున్నప్పుడు ఆ పీడనం చిన్న కార్లలో సైతం 80 బార్ల దరిదాపులకు చేరుతుంది. టైరులో మనం నింపే గాలి 2.2 బార్ల చుట్టుపక్కల ఉంటుందని గుర్తు చేసుకుంటే, ర్యాక్ చివరనున్న చిన్న సీలు ఎంతటి తోపును నిలువరిస్తున్నదో తెలుస్తుంది. నూనె తగ్గి పంపులోకి గాలి చేరితే మూలుగుడు మొదలవుతుంది, డబ్బాలో నురగ కడుతుంది, చివరికి పంపు కూడా పోతుంది. మా కారు మలుపుల్లో మూలగడం మొదలుపెట్టిన రోజున నేను కాలయాపన మానుకున్నాను.

ఆ దశలో పవర్ స్టీరింగే తీసేయమన్న సలహా ఒకటికి రెండు చోట్ల వినిపించింది. పంపు విప్పేసి, బాక్సుకున్న రెండు రంధ్రాలను ఒక పైపుతో కలిపేస్తే ఇక కారేదే ఉండదన్నారు. ఖర్చు బాగా తగ్గుతుంది కనుక నేను దాన్ని నిజాయితీగానే పరిశీలించాను. అయితే పవర్ తీసేసిన స్టీరింగూ, మొదటి నుంచీ పవర్ లేకుండా తయారైన స్టీరింగూ ఒకటి కావు. పవర్ లేని కార్లలో చక్రాన్ని ఒక కొస నుంచి మరో కొసకు నాలుగు చుట్లకు పైగా తిప్పేలా పళ్ల లెక్క ఉంటుంది. అందువల్ల చేతి మీద భారం తగ్గుతుంది. మా కారులో మూడు చుట్లే. పైగా పిస్టను లోపలే ఉండిపోతుంది కనుక, చక్రం తిప్పిన ప్రతిసారీ ఆ సన్నని దారుల గుండా నూనెను మన చేతులే తోయాలి. మెలి కడ్డీ మెలిక పూర్తయ్యేదాకా చక్రంలో కొంత వదులు కూడా మిగులుతుంది. సరిగా చేయాలంటే బాక్సు విప్పి పిస్టను సీలు తీసేయాలి, మెలి కడ్డీని కదలకుండా బిగించాలి. అంత శ్రమ పడేవారు బాగు చేసుకోవడమే మేలు. ఒక ఆదివారం ఉదయం పంపు బెల్టు తీసేసి, మా కాలనీ ఖాళీ స్థలంలో నేనే నడిపి చూశాను. కారు సాగుతున్నప్పుడు సరే గాని, నిలిపే చోట తిప్పడానికి రెండు చేతులూ, నడుమూ కూడా వాడవలసి వచ్చింది. మా కారులో ఆ బెల్టు పంపు ఒక్కదాన్నే తిప్పుతుంది కాబట్టి ఇలా చూడగలిగాను. ఒకే బెల్టు ఆల్టర్నేటరునూ, నీళ్ల పంపునూ కూడా తిప్పే కార్లలో ఈ ప్రయత్నం చేయకూడదు. ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు బరువైన ట్రక్కులు నడిపేవారి కష్టాన్ని చూసి ఆలోచన మొదలుపెట్టి, 1926లో పియర్స్-ఆరో కారుకు పవర్ స్టీరింగ్ అమర్చి చూపాడు. అమ్మకపు కారులోకి అది 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌తో వచ్చింది. పాతికేళ్లు పట్టుబట్టి సాధించిన ఆ సౌకర్యాన్ని, భుజం నొప్పి ఉన్న మనిషి చేతిలోంచి తీసేయడం నాకు సమ్మతం కాలేదు.

మూసారాంబాగ్‌లో ఒక పెద్దాయన షెడ్డు ఉంది. అందరూ ఆయన్ని భాయ్ అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. ఆయన ముందుగా అడిగింది ఒకటే: "ఏడికెల్లి కారుతున్నదో చూసినవా అమ్మా?" నేను చూడలేదు. కారే చోటు వేరు, చుక్క రాలే చోటు వేరు. నూనె పైపుల వెంట జారి ఎక్కడో దూరాన రాలుతుంది. ఆయన అడుగు భాగమంతా కడిగించి, ఆరబెట్టి, జాయింట్ల దగ్గర టాల్కం పౌడరు చల్లి, కింద అట్టముక్క పరిచారు. నేను ఇంజన్ నడుపుతూ చక్రాన్ని అటూ ఇటూ తిప్పాను. ఏ కొసనూ అయిదు సెకన్లకు మించి పట్టి ఉంచవద్దని హెచ్చరించారు, ఎందుకంటే ఆ సమయంలో నూనె విపరీతంగా వేడెక్కుతుంది. పంపు పొడిగానే ఉంది. హోస్ పైపుల చివరలూ పొడిగానే ఉన్నాయి. ర్యాక్ ఎడమ కొసను దుమ్ము, నీరు తగలకుండా కప్పి ఉంచే రబ్బరు బూటు మాత్రం కింది వైపు జారి, నీళ్ల సంచిలా వేలాడుతోంది. క్లాంపు వదులు చేయగానే దాదాపు అర గ్లాసు నూనె బయటికి వచ్చింది. అది ఎర్రగా లేదు, మట్టి కలిసిన టీ రంగులో ఉంది. బూటు మడతలో గోరంత చిరుగు కనిపించింది.

ఆ మట్టి ఎక్కడిదో నాకు వెంటనే తట్టింది. అంతకు ముందటి వానాకాలంలో, కోఠి నుంచి వస్తూ మలక్‌పేట రైల్వే వంతెన కింద నిలిచిన నీళ్లలో నేనే కారును దింపాను. నీళ్లు చక్రం నడిమికి వచ్చాయి. ఇంజన్ ఆగకుండా బయటపడ్డాం కదా అని ఆ రోజు సంతోషించాను. బూటు చిరుగులోంచి లోపలికి వెళ్లిన నీరు మాత్రం బయటికి రాలేదు. అది ర్యాక్ కడ్డీ మీదే నిలిచి తుప్పు పట్టించింది. తుప్పు పట్టిన కడ్డీ ముందుకూ వెనకకూ కదిలిన ప్రతిసారీ, ఆకురాయిలా సీలు పెదవిని అరగదీసింది. అంటే నేను ఎనిమిది నెలలు సీలును తప్పుబడుతున్నాను గాని, అసలు జబ్బు బూటుతో మొదలైంది.

బాక్సు దించడం ఒక రోజు పని. భాయ్ పనితనం నాకు నచ్చింది అందులోనే. చక్రాలు నేరుగా పెట్టి, స్టీరింగ్ చక్రాన్ని సీటు బెల్టుతో కట్టేశారు. స్టీరింగ్ కడ్డీని బాక్సుకు కలిపే కింది కీలు ఊడదీసిన తర్వాత చక్రం దానంతట అది తిరిగితే ఎయిర్‌బ్యాగుకు వెళ్లే చుట్ట తీగ తెగుతుంది. కీలు మీద సుద్దతో కాక గీకి గుర్తు పెట్టారు. ర్యాక్‌ను చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్లు విప్పే ముందు బయటికి కనిపించే మర చుట్లు లెక్కపెట్టి, ఎడమకు 14, కుడికి 15 అని గోడ మీద రాశారు. పైపులు విప్పిన వెంటనే వాటి మూతులకు ప్లాస్టిక్ కట్టారు, దుమ్ము పడకూడదని. జాకీ మీద నమ్మకం పెట్టుకుని ఎవరూ కిందికి దూరలేదు, నాలుగు స్టాండ్లు వేశాకే దూరారు.

కడ్డీని గుడ్డతో తుడిచి ఆయన నా చేతికిచ్చి, గోటితో గీసి చూడమన్నారు. ఎడమ వైపు నాలుగంగుళాల మేర గోరు తగిలి ఆగుతోంది. "కొత్త సీల్ ఏస్తే నెల గూడ నిల్వదమ్మా, రాడ్ తిన్నది" అన్నారు. సీలు కిట్ కొనుక్కుని వచ్చిన నాకు ఆ మాట కష్టంగానే అనిపించింది, కాని ఆయన చెప్పకపోయి ఉంటే నేను మరో నెల తర్వాత అదే పని అదే ఖర్చుతో మళ్లీ చేయించేదాన్ని. సన్న ఎమరీ కాగితంతో రుద్దితే గరుకు పోతుంది గాని గుంట పోదు. గుంట పోయేదాకా రుద్దితే కడ్డీ సన్నబడి సీలు పట్టదు. వెల్డింగుతో పూడ్చి లేత్ పట్టిద్దామని అక్కడే ఉన్న ఒకాయన అన్నారు. గట్టిపరచిన ఉక్కుకు ఆ వేడి తగిలితే గట్టిదనం పోతుంది, విరిగే ప్రమాదం ఉంటుంది. స్టీరింగులో విరిగేది ఏదైనా ప్రాణం మీదికే వస్తుంది కనుక ఆ మార్గాన్ని భాయ్ ఒక్క మాటతో తోసిపుచ్చారు.

కొత్త బాక్సు ధర, ఈ రోజు మా కారు పలికే ధరలో మూడో వంతుకు దగ్గరగా ఉంది. అందువల్ల రాణిగంజ్‌లో రెండు రోజులు తిరిగి, అదే మోడలుకు చెందిన పాత బాక్సులు రెండు చూశాం. కడ్డీ ఒక్కటే కొని మా పాత పినియన్‌తో కలపడం మంచిది కాదు, ఎందుకంటే ఆ రెండూ కలిసి అరిగిన పళ్లు, జతను విడదీయకూడదు. ప్రమాదానికి గురైన కారు నుంచి తీసిన బాక్సులో కడ్డీ వంగి ఉండవచ్చు, ఆ వంపు కంటికి కనిపించదు. అందుకని రెండింటినీ బాలానగర్‌లోని ఒక లేత్ షాపుకు తీసుకెళ్లి, వి ఆకారపు దిమ్మెల మీద పెట్టి, వంపును ముల్లుతో చూపే డయల్ గేజితో చూపించాం. మొదటి కడ్డీని తిప్పుతుంటే ముల్లు అటూ ఇటూ ఊగింది. దాన్ని తిరిగి ఇచ్చేశాం. రెండోదాని ముల్లు దాదాపు కదలలేదు, దాని మీద గోరు ఎక్కడా ఆగలేదు. అదే తీసుకున్నాం.

సీళ్లు ఎక్కించడం నేను చూసిన పనులన్నింటిలోకీ ఓపికైనది. ర్యాక్ పళ్ల అంచులు పదునుగా ఉంటాయి, వాటి మీదుగా సీలును తోస్తే పెదవి అక్కడికక్కడే చిరిగిపోతుంది. పళ్ల మీద చుట్టడానికి పలుచని గట్టి ప్లాస్టిక్ కావాలన్నారు. ఇంట్లో ఉన్న నాన్నగారి పాత భుజం ఎక్స్‌రే ఫిల్ము తెచ్చి ఇచ్చాను. దాన్ని గొట్టంలా చుట్టి, నూనె రాసి, సీలును దాని మీదుగా జార్చారు. పిస్టను మీది టెఫ్లాన్ రింగును వేడి నీళ్లలో ఉంచి సాగదీసి ఎక్కించి, మళ్లీ బిగించి సరైన కొలతకు తెచ్చారు. సీలు పెదవి నూనె వైపు తిరిగి ఉండాలి. తిరగేసి పెడితే మొదటి రోజే కారుతుంది. రెండు బూట్లూ, క్లాంపులూ, పైపుల ఓ-రింగులూ కొత్తవే వేయించాను. ఇన్ని నెలల నష్టానికి మూలమైన బూటు, మొత్తం సామానులో అన్నింటికంటే చవకైనది.

కొత్త నూనె పోసే ముందు, డబ్బాకు తిరిగి వచ్చే పైపును విడదీసి సీసాలోకి వదిలి పాత నూనెను బయటికి పంపించాం. ఆ సీసాలను కాలువలో పారబోయకుండా, పాత ఆయిల్ కొనేవారికి ఇచ్చారు. గాలి తీయడంలో తొందర పనికిరాదు. ముందు చక్రాలు రెండూ నేల నుంచి ఎత్తి, ఇంజన్ ఆపి ఉంచే, ఒక కొస నుంచి మరో కొసకు నెమ్మదిగా 20 సార్లు తిప్పాం. మట్టం తగ్గినప్పుడల్లా పోశాం. ఆ తర్వాతే ఇంజన్ నడిపాం. డబ్బాలో కొంత నురగ మిగిలితే రాత్రంతా వదిలేశాం, తెల్లారేసరికి నూనె తేటగా ఉంది. చివరగా వీల్ అలైన్‌మెంట్ చేయించాం. మర చుట్ల లెక్క కారును అక్కడిదాకా తీసుకెళ్లడానికే సరిపోతుంది, టైర్లను కాపాడటానికి సరిపోదు.

ఆ తర్వాత పది రోజులు, ప్రతి రాత్రీ ముందు చక్రాల కింద దినపత్రిక పరిచి ఉదయం తీసి చూశాను. మూడో రోజు కాగితం మీద ఒక తడి చుక్క కనిపించి గుండె ఆగినంత పనైంది. వేలితో తాకితే నీళ్లు. ఏసీ నుంచి రాలినవి, పది నిమిషాల్లో మచ్చ లేకుండా ఆరిపోయాయి. ఇప్పుడు నెలకొకసారి టార్చి పట్టుకుని కిందికి వంగి, రెండు బూట్ల మడతలనూ వేలితో తడిమి చూస్తున్నాను. మొన్న శ్రావణంలో పెద్ద వాన పడిన సాయంత్రం, నాన్నగారు మలక్‌పేట వంతెన ముందు నీళ్లు చూసి కారు వెనక్కి తిప్పుకుని, సైదాబాద్ చుట్టూ తిరిగి గంట ఆలస్యంగా ఇంటికి వచ్చారు. సెల్లారులో స్తంభాల మధ్య కారును ఒకే మలుపులో నిలిపి, భుజం పట్టుకోకుండా దిగారు.