నాన్నతో హైదరాబాద్ గోడల వెంట

హైదరాబాద్‌లో పదకొండేళ్ళుగా ఉంటున్నా, చార్మినార్‌ని నేను నిదానంగా చూసింది మాత్రం మొన్న సంక్రాంతి వెళ్ళాక నాన్న వచ్చినప్పుడే. నాన్నది తెనాలి పక్క పల్లె. తాపీ మేస్త్రిగా ఇళ్ళు కట్టారు. పదమూడో ఏట తాతయ్య వెంట సున్నం గానుగ దగ్గర పనికి కుదిరి, సిమెంటు వచ్చాక అందరిలాగే అటు మారారు. "ఏం చూస్తావు నాన్నా?" అని అడిగితే "పాత గచ్చు పని ఎక్కడుంటే అక్కడికి తీసుకెళ్ళమ్మా" అన్నారు. రెండు రోజులు సెలవు పెట్టాను.

పొద్దున్నే, దుకాణాలు తెరవకముందే చార్మినార్ దగ్గరికి చేరాం. నాన్న ఎదురుగా కాకుండా ఒక స్తంభం మొదట్లో నిలబడి, తల పూర్తిగా వెనక్కి వంచి చూశారు. 1591లో కట్టిన కట్టడం. లోపల రాయి, పైన పూలూ రేకులూ అంచులూ అంతా సున్నపు గచ్చు. 2019 మే నెలలో ఒక మినార్ మీది నుంచి పెచ్చు ఊడి కింద పడింది. అప్పట్లో వార్త చదివి వదిలేశాను. ఆ సంగతి చెప్పగానే నాన్న ముఖం మారిపోయింది. "ఏ మూల? పైన వాన నీళ్ళు ఎటు దిగుతున్నాయో చూశారా?" అన్నారు, సొంత ఇంటి గోడ సంగతి అడిగినట్టు.

అక్కడి నుంచి కోఠీ రెసిడెన్సీకి వెళ్ళాం. మహిళా కళాశాల ఆవరణలోనే ఉంది, ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం. నిజాం కొలువులో బ్రిటిష్ వాళ్ళ ప్రతినిధిగా, అంటే రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కట్టించుకున్న భవనం. నమూనా గీసింది మద్రాసు ఇంజినీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్. ముందు రెండు సింహాలు, పెద్ద మెట్ల వరస, పైన ఆరు నిలువెత్తు స్తంభాలు. చాలా ఏళ్ళు శిథిలమై మూతపడి ఉన్న దర్బారు హాలును బాగుచేసి 2023లో మళ్ళీ తెరిచారు.

నేను పైకప్పు నగిషీ చూస్తుంటే నాన్న స్తంభం దగ్గరే ఆగిపోయారు. దూరానికి పాలరాయే అనిపిస్తుంది. నాన్న పక్కగా నిలబడి, వెలుతురు వాలుగా పడే చోట కన్ను పెట్టి చూసి, "రాయి కాదమ్మా, సున్నం. గుల్ల సున్నాన్ని వెన్నలా నూరి, పల్చగా పూసి, ఆరకముందే నున్నటి రాయితో రుద్దుతారు. చెయ్యి ఆగిందా, అక్కడ మచ్చ పడుతుంది" అన్నారు. మద్రాసు సున్నపు పూత అద్దంలా మెరుస్తుందని ఆ రోజుల్లో పేరు. ఆ పనితనమే రస్సెల్‌తో ఇక్కడికి వచ్చి ఉంటుందని నాకు అనిపించింది.

తోటలో ఈ భవనానిదే ఒక చిన్న నమూనా ఉంది. కిర్క్‌పాట్రిక్ పెళ్ళి చేసుకున్న హైదరాబాదీ యువతి ఖైరున్నీసా కోసం చేయించిందని చెబుతారు. పరదాలో ఉండే మనిషి అసలు భవనాన్ని ముందు నుంచి చూడలేదు కాబట్టి ఈ బొమ్మలో చూసుకోవాలని. కిర్క్‌పాట్రిక్ 1805లో కలకత్తాలో చనిపోయాడు. భవనం కంటే ఆ బొమ్మ ఇల్లే నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది.

మధ్యాహ్నం ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ కూడా చూశాం. బెల్జియం దేశస్థుడు ఎర్నెస్ట్ జాస్పర్ గీసిన గులాబీ రంగు రాతి భవనం, 1939లో ప్రారంభమైంది. నాన్న నమస్కారం పెట్టి, "ఇది కంసాలి చేతుల్లాంటి రాతి పనివాళ్ళది, మన తాపీకి ఇందులో వంతు లేదు" అని చెట్టు కింద కూర్చున్నారు.

రెండో రోజు పొద్దున సంతోష్‌నగర్ దగ్గర పైగా వంశీయుల సమాధులకి వెళ్ళాం. నిజాముల తర్వాత అంతటి హోదా ఉన్న వంశం పైగాలది. సందులోంచి నడిచి గేటు దాటేదాకా లోపల ఇంత ఉందని తెలియదు. మేం వెళ్ళేసరికి మరో నలుగురు కూడా లేరు. ఇంత గొప్ప చోటుకి మనవాళ్ళు ఎందుకు రారో నాకు బాధగా అనిపించింది. కమానుల వెంట గచ్చు పూలు, పైన అనాస కాయల్లాంటి బుడిపెలు. జాలీల గుండా ఎండ నేల మీద పరుచుకుంటోంది. ఒక జాలీలో నక్షత్రాలు, పక్కదానిలో తీగలు, ఇంకోదానిలో పూలకుండీ. మేం చూసినంతలో ఒకదాని అల్లిక ఇంకోదానికి రాలేదు.

నాన్న ఒక జాలీ ముందు ఒంగి, అర అంగుళం రంధ్రం లోపలి అంచు చూపించారు. బయట కనపడని ఆ అంచు కూడా నున్నగా ఉంది. "ఇక్కడ ఎవరు చూస్తారని వదిలెయ్యలేదు చూడు" అన్నారు. ఆ అంచున ఒకచోట సన్నటి గీత ఉంది, తాపీ కొసది. ఆ మనిషి పేరు ఎక్కడా రాసి లేదు.

చివరికి కుతుబ్‌షాహీ సమాధులు. ఇబ్రహీంబాగ్‌లో, గోల్కొండ కోటకి దగ్గర్లో. 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి ఇక్కడ పెద్ద ఎత్తున మరమ్మతులు చేసింది. ఇరవయ్యో శతాబ్దంలో గుమ్మటాల మీద పూసిన సిమెంటును చేత్తో ఒలిచి, మళ్ళీ సున్నంతోనే గచ్చు చేశారు. ఈ మాట చెప్పగానే నాన్న నడక ఆపేశారు.

"ఒలిచారా? సిమెంటునా?"

"అవును నాన్నా. సున్నంలో బెల్లం, మారేడు గుజ్జు లాంటివి కలిపి చేశారట."

"మేం కరక్కాయ నీళ్ళూ, బెల్లం నీళ్ళూ పోసేవాళ్ళం. ఎద్దు తిరుగుతుంటే గానుగలో రోజుల తరబడి నలగాలి." కాసేపు ఊరుకుని, తనలో తను అనుకున్నట్టు, "గోడలో చెమ్మ బయటికి పోవాలి. సున్నం పోనిస్తుంది. సిమెంటు మూత పెట్టేస్తుంది, లోపల చెమ్మ అట్టాగే ఉండి ఉబ్బుతుంది" అన్నారు.

ఆయన ఏ గోడ గురించి మాట్లాడుతున్నారో నాకు తెలుసు. మా ఊళ్ళో ఇల్లు తాతయ్య గానుగ సున్నంతో కట్టింది. పాతబడిందని 1998లో నాన్నే దాని మీద సిమెంటు పూశారు. అప్పటి నుంచి ఏటా వానాకాలం వెళ్ళేసరికి పడమటి గోడ పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. నాన్న ఏటా మళ్ళీ పూస్తారు.

మహమ్మద్ కులీ సమాధి అరుగు మీద సాయంత్రం దాకా కూర్చున్నాం. చార్మినార్ కట్టించిన రాజు. గుమ్మటం మీద ఎండ పసుపు నుంచి ఎరుపుకి తిరిగింది. నాన్న అరచేత్తో పక్క గోడని తాకి, చెయ్యి అట్టాగే ఉంచారు. "చల్లగా ఉంది" అన్నారు.

బస్సులో సీటు దొరికాక ఫోన్ అడిగి తీసుకుని, ఊళ్ళో బాబాయికి చేశారు. క్షేమ సమాచారాలు కూడా అడగలేదు. "ఒరే, పడమటి గోడ మీద సిమెంటు ఎంత మందం ఉందో రేపు పొద్దున్నే ఒక మూల కొట్టి చూడు. లోపలి సున్నాన్ని మాత్రం గీరకు" అన్నారు.