ఆగస్టులో ఫిన్లాండ్‌కి చదువుకి వచ్చేవాళ్ళకి: ఏది ముందు, ఏది తర్వాత

జూన్, జూలై వచ్చిందంటే చాలు నా వాట్సాప్ నిండా ఒకటే ప్రశ్న, అక్కా బియ్యం ఎన్ని కేజీలు తెచ్చుకోవాలి అని. ఒక్క కేజీ కూడా వద్దు తల్లీ. సోనా మసూరి, కందిపప్పు, చింతపండు, మినపప్పు అన్నీ ఇక్కడ ఆసియా షాపుల్లో దొరుకుతాయి, రేటు మన ఊరి రేటు కాదు, అంతే. ఆ బరువులో ఒక చిన్న కుక్కర్ పెట్టుకోండి, అడుగు చదునుగా ఉండి ఇండక్షన్ మీద కూడా పనిచేసేది, దాంతోపాటు ఒక గాస్కెట్ ఎక్స్‌ట్రా. ఇంకోటి, ఇంట్లోవాళ్ళు ప్రేమగా సర్దే నెయ్యి సీసా, పాలకోవా, నాటుకోడి పచ్చడి మాత్రం తీసి పక్కన పెట్టించండి, ఈయూ బయట నుంచి మాంసం, పాలతో చేసినవి తేకూడదని రూల్ ఉంది, ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటే డస్ట్‌బిన్‌లో వేస్తారు. పచ్చి కరివేపాకు కూడా అంతే. ఆవకాయ, గోంగూర హాయిగా తెచ్చుకోండి, లీక్ అవ్వకుండా నాలుగు కవర్లు చుట్టి.

నేనుండేది టాంపెరెలో, యూనివర్సిటీ హెర్వంట క్యాంపస్ పక్కనే, కాబట్టి చెప్పేవన్నీ ఇక్కడి కళ్ళతో చూసినవే, హెల్సింకి వాళ్ళకి పేర్లు మారతాయి గానీ కథ ఒకటే. (నోకియా అనే ఊరు నిజంగా మా పక్కనే ఉంది, బస్సెక్కి వెళ్ళొచ్చు, అమ్మానాన్నలకి చెప్తే చదువు కన్నా దీనికే ఎక్కువ సంబరపడతారు.)

అందరూ చలి గురించి భయపడతారు, నన్నడిగితే చలి పెద్ద సమస్య కాదు, ఇల్లు, క్లాసు, బస్సు అన్నీ వెచ్చగానే ఉంటాయి. అసలు కష్టం ఏంటంటే ఇక్కడ మనకి ఎవరూ గుర్తు చేయరు. కాలేజీ ఆఫీసు వాళ్ళు ఫోన్ చేసి ఫీజు కట్టలేదేంటి అనరు, ఏ అంకుల్ తోడు వచ్చి సంతకం పెట్టించడు. అన్నీ ఉంటాయి, అన్నీ పనిచేస్తాయి, కానీ టైమ్‌కి మనమే వెళ్ళి అడగాలి, అదీ ఒక వరసలో. ఆ వరస తెలీకపోతే సెప్టెంబర్ అంతా ఈ కౌంటర్ నుంచి ఆ కౌంటర్‌కి తిరుగుడే.

ముందు ఇల్లు. అడ్మిషన్ వచ్చి సీటు కన్ఫర్మ్ చేసిన రోజే స్టూడెంట్ హౌసింగ్‌కి అప్లై చేసేయండి, టాంపెరెలో టోఆస్, హెల్సింకి వైపు హోఆస్, తుర్కులో టీవైఎస్, ఓలులో పిఎస్ఓఏఎస్. ఆగస్టు, సెప్టెంబర్ ఫుల్ రష్. ఎక్కువమందికి వచ్చేది షేర్డ్ అపార్ట్‌మెంట్‌లో ఒక గది, కిచెన్, బాత్రూమ్ అందరిదీ. గది అంటే నిజంగా గదే, మంచం ఉండదు, టేబుల్ ఉండదు, చాలాచోట్ల సీలింగ్ లైట్ కూడా ఉండదు, పైన ఒక సాకెట్ వేలాడుతుంటుంది, లైటు మనమే తెచ్చి తగిలించుకోవాలి. మొదటి రాత్రి ఫోన్ టార్చ్ వేసుకుని సూట్‌కేస్ విప్పే బ్యాచ్ ప్రతి ఏడాదీ ఉంటుంది. అందుకే ఫర్నిష్డ్ ఉందో లేదో ముందే చూసుకోండి, లేకపోతే సీనియర్ ఎవరినైనా ఒక పరుపు సంగతి చూడమని అడగండి. తర్వాత టోరి అనే సెకండ్‌హ్యాండ్ సైట్ ఉంది, కిర్‌పుతోరి అని పాత సామాన్ల షాపులు ఉన్నాయి, జనం వెళ్ళిపోతూ మంచి మంచి టేబుళ్ళు ఫ్రీగా ఇచ్చేస్తారు, మోసుకెళ్ళడానికి ఇద్దరు ఫ్రెండ్స్ ఉంటే చాలు. ప్రైవేట్ ఇల్లు వెతికేవాళ్ళకి ఒక్క మాట, ఓనర్ ఫారిన్‌లో ఉన్నాడు, డిపాజిట్ పంపితే కీ కొరియర్ చేస్తాడు అంటే అది మోసమే, ఇంకో ఆలోచన పెట్టుకోకండి.

ఇక పేపర్ల గొలుసు. డిగ్రీ స్టూడెంట్‌కి రెసిడెన్స్ పర్మిట్ ఇప్పుడు కోర్సు మొత్తానికీ ఇస్తున్నారు, 2022లో రూల్ మారింది. పర్సనల్ ఐడెంటిటీ కోడ్, అంటే ఇక్కడ మనిషికొకటి ఇచ్చే గుర్తింపు నంబరు, మామూలుగా ఆ పర్మిట్ కార్డు మీదే ఉంటుంది. అది చేతిలో ఉంది కదా అని ఊరుకోకండి, డివివి అనే జనాభా రిజిస్టర్ ఆఫీసుకి వెళ్ళి మీ అడ్రస్, మీరు ఈ మున్సిపాలిటీ మనిషి అనే సంగతి నమోదు చేయించుకోవాలి. పాస్‌పోర్ట్, పర్మిట్ కార్డు, యూనివర్సిటీలో చదువుతున్నట్టు సర్టిఫికెట్, ఈ మూడూ పట్టుకెళ్ళండి. అపాయింట్‌మెంట్ ఇండియాలో ఉండగానే బుక్ చేసుకుంటే ఇంకా మంచిది.

తర్వాత బ్యాంకు. ఇదే అసలు తలుపు. ఇక్కడ బ్యాంకు అకౌంట్ అంటే డబ్బులు దాచుకోవడం ఒక్కటే కాదు, వాళ్ళిచ్చే నెట్‌బ్యాంకింగ్ ఐడీతోనే టాక్స్ సైట్, హెల్త్ సైట్, సిమ్ కాంట్రాక్టు, అన్నీ తెరుచుకుంటాయి, మన ఆధార్ ఓటీపీ లాగా అనుకోండి. వైజ్, రెవలూట్ లాంటి డబ్బుల యాప్‌లు కొనుక్కోవడానికి, డబ్బు తెప్పించుకోవడానికి బానే ఉంటాయి గానీ ఈ గుర్తింపు పని వాటితో అవ్వదు. బ్యాంకు అపాయింట్‌మెంట్ కొన్నిసార్లు వారాల తర్వాత దొరుకుతుంది, ఒక బ్రాంచ్‌లో కుదరదంటే ఇంకో బ్యాంకుకి వెళ్ళండి, ఇక్కడ చట్టబద్ధంగా ఉండేవాళ్ళకి బేసిక్ అకౌంట్ హక్కు. అకౌంట్ తెరిచి కార్డు ఇచ్చేసి పంపించేస్తారు ఒక్కోసారి, ఆన్‌లైన్‌లో గట్టిగా గుర్తించే ఐడీ కూడా కావాలి అని నోరు తెరిచి అడగండి. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, ఇక్కడి కౌంటర్లకి ఆ సామెత అతికినట్టు సరిపోతుంది.

ఇందులో అందరూ మర్చిపోయేది హెల్త్ ఫీజు. స్టూడెంట్ల కోసం వైటిహెచ్ఎస్ అని ప్రత్యేక వైద్య సేవ ఉంది, దానికి ప్రతి టర్మ్‌కీ కేలా అనే ప్రభుత్వ సంస్థకి ఫీజు కట్టాలి. బిల్లు రాదు. మెసేజ్ రాదు. మనమే గుర్తుపెట్టుకుని ఆటమ్ టర్మ్‌ది సెప్టెంబర్ 30 లోపు, స్ప్రింగ్‌ది జనవరి 31 లోపు కట్టాలి, లేటైతే పైన ఇంకో ఫీజు వేస్తారు. నాకు జ్వరమే రాదు నేనెందుకు కట్టాలి అనడానికి లేదు, వాడినా వాడకపోయినా కట్టాల్సిందే. బదులుగా డాక్టరు, నర్సు, పంటి వైద్యం, మానసిక ఆరోగ్యం అన్నీ అక్కడే, వెళ్ళినప్పుడల్లా మళ్ళీ కట్టక్కర్లేదు, బుక్ చేసి వెళ్ళకపోతే మాత్రం వడ్డిస్తారు. ఇంకోటి, జలుబుకి యాంటీబయాటిక్ రాసిస్తారని ఆశపడకండి, రెస్ట్ తీసుకో, నీళ్ళు తాగు అని పంపిస్తారు, మొదట్లో ఒళ్ళు మండుతుంది. పర్మిట్ కోసం తీసుకున్న ఇన్సూరెన్స్ వేరే, అది ఉంది కదా అని ఇది మానేయకూడదు, ఇది ఉంది కదా అని అదీ ఆపేయకూడదు.

డబ్బు సంగతి. పర్మిట్ ఇచ్చే ఇమ్మిగ్రేషన్ ఆఫీసు మిగ్రి ఇప్పుడు నెలకి 800 యూరోలు చూపించమంటోంది, ఏడాదికి 9,600. వారానికి సగటున 30 గంటలు పని చేసుకోవచ్చు, రూల్ అదే, కానీ పని దొరకాలి కదా. ఫిన్నిష్ రాకుండా మొదటి సెమిస్టర్‌లో దొరికేవి క్లీనింగ్, పేపర్ డెలివరీ, ఫుడ్ డెలివరీ, అవీ పోటీ మీద. పార్ట్‌టైమ్ చేసి ఫీజు కట్టేస్తాను అని లెక్కలేసుకుని లోన్ తగ్గించి తీసుకునేవాళ్ళకి గట్టిగా చెప్తున్నా, అలా రావద్దు. మన ఏజెంట్లు కొందరు ఈ విషయంలో నోటికొచ్చింది చెప్తారు. పని దొరికాక మొదటి జీతం లోపు టాక్స్ కార్డు, అంటే జీతంలో ఎంత పన్ను పట్టుకోవాలో చెప్పే కాగితం, పనిచ్చినవాళ్ళకి ఇచ్చేయండి, ఇవ్వకపోతే పన్ను కింద 60 శాతం కోసేస్తారు, తర్వాత సరిచేసి వెనక్కి వస్తుంది గానీ ఆ నెల అద్దె ఎవడిస్తాడు. చదువు సరిగ్గా సాగుతోందా, ఖర్చులకి డబ్బుందా అని మిగ్రి మధ్యలో చెక్ చేస్తుంది కూడా, పర్మిట్ ఇచ్చేశారు కదా అని క్రెడిట్లు వదిలేయకండి.

తిండి దగ్గరికి వద్దాం. స్టూడెంట్ లంచ్ ఈ దేశంలో మనకి దొరికే బెస్ట్ డీల్, కేలా సబ్సిడీ పోను దాదాపు 3 యూరోలకి ఒక మెయిన్ ఐటమ్, సలాడ్, బ్రెడ్, తాగడానికి పాలో మజ్జిగ లాంటి పీమానో. స్టూడెంట్ కార్డు ఫోన్‌లో చూపించాలి, లేకపోతే రెట్టింపో అంతకన్నా ఎక్కువో పడుతుంది. లైన్‌లో నిలబడ్డప్పుడు ఐటమ్ పక్కన చిన్న అక్షరాలుంటాయి, ఎల్ అంటే లాక్టోస్ లేనిది, ఎం అంటే పాలే లేనిది, జి అంటే గ్లూటెన్ లేనిది. వీగన్ ఐటమ్ రోజూ ఒకటి ఉంటుంది, మన శాకాహారులు దాన్ని పట్టుకుంటే సేఫ్. మాంసం తినేవాళ్ళు నౌతా అంటే బీఫ్, సికా అంటే పోర్క్, కనా అంటే చికెన్ అని బట్టీ కొట్టేయండి, ఖీమా ప్యాకెట్ మీద సికా-నౌతా అని ఉంటే రెండూ కలిపిందన్నమాట. గురువారం బఠాణీ సూపు, పాన్‌కేక్ పెట్టడం ఇక్కడ ఆనవాయితీ, ఆ సూపులో మామూలుగా పోర్క్ వేస్తారు, వేయనిది పక్కనే ఇంకో గిన్నెలో ఉంటుంది. రుచి సంగతి అడక్కండి, ఉప్పు, మిరియాలు తప్ప ఇంకేం తెలీదు వీళ్ళకి. నా బ్యాగులో కారప్పొడి డబ్బా పర్మనెంట్.

పెరుగు కోసం బాధపడక్కర్లేదు, ప్లెయిన్ యోగర్ట్ లీటరు డబ్బాల్లో ఉంటుంది, టర్కిష్ యోగర్ట్ అని గట్టిది కూడా. ఎస్-మార్కెట్, ప్రిస్మా అనే సూపర్‌మార్కెట్లలో డేట్ దగ్గరపడిన వాటికి 30 శాతం స్టిక్కర్ వేస్తారు, రాత్రి తొమ్మిది దాటితే అదే 60 అవుతుంది, ఆ టైమ్‌కి చికెన్ షెల్ఫ్ దగ్గర మన వాళ్ళంతా కలుస్తారు. ఖాళీ సీసాలు, డబ్బాలు పారేయకండి, షాపులో మెషీన్‌లో వేస్తే క్యాన్‌కి 15 సెంట్లు, పెద్ద ప్లాస్టిక్ బాటిల్‌కి 40 సెంట్లు వెనక్కి. నీళ్ళు కొనకండి, ట్యాప్ నీళ్ళే.

పోపు వేసేముందు ఎగ్జాస్ట్ ఫుల్‌లో పెట్టండి. ఎండుమిర్చి మాడితే స్మోక్ అలారం మోగుతుంది, ఆ మోత పక్క ఫ్లాట్ దాకా వినిపిస్తుంది. దానికి సాక్సు తొడిగే ఐడియాలు వద్దు, నిజంగా నిప్పంటుకుంటే ఏంటి సంగతి. లాండ్రీ గది కూడా స్లాట్ బుక్ చేసుకుని వాడాలి, ఇంకొకరి టైమ్‌లో మీ బట్టలు మెషీన్‌లో ఉంటే తీసి పక్కన పెట్టేస్తారు, గొడవ పడరు, ఒక చీటీ అంటిస్తారు అంతే, ఆ చీటీ గొడవ కన్నా ఘోరం.

క్లాసుల్లో మూడు విషయాలు. టైమ్‌టేబుల్‌లో 12 అని ఉంటే చాలాసార్లు క్లాసు 12:15కి మొదలవుతుంది. ప్రొఫెసర్‌ని పేరు పెట్టి పిలవాలి, మొదట్లో నోరు రాదు, అలవాటవుతుంది. ఇక సీసు అనే సిస్టమ్‌లో కోర్సుకి, పరీక్షకి డెడ్‌లైన్ లోపు రిజిస్టర్ చేసుకోవాలి, హాల్ టికెట్ ఎవరూ ఇవ్వరు, రిజిస్టర్ కాకుండా వెళ్తే రాయనివ్వరు. ఫెయిలైతే మళ్ళీ రాయొచ్చు, ఎవరూ వింతగా చూడరు.

బట్టల విషయం, పెద్ద జాకెట్ హైదరాబాద్‌లో కొనకండి, ఇక్కడే కొనండి, సెకండ్‌హ్యాండ్‌లో మంచివి దొరుకుతాయి. థర్మల్స్, ఊలు సాక్సులు ముఖ్యం. అక్టోబర్ నుంచి రిఫ్లెక్టర్ తగిలించుకోండి, చీకట్లో నడిచేవాళ్ళు వాడాలని చట్టమే ఉంది, డిసెంబర్ 21 ప్రాంతంలో టాంపెరెలో పగలు ఐదున్నర గంటలు కూడా ఉండదు మరి. ఆ రోజుల్లో గదిలోనే ఉండిపోతే మనిషి డల్ అయిపోతాడు, అందుకే ట్యూటర్ (కొత్తవాళ్ళకి దారి చూపించే సీనియర్ స్టూడెంట్) పిలిచిన ప్రతిదానికీ మొదటి నెలలో వెళ్ళిపోండి. సిత్సిట్ అని పాటల భోజనం, ఒళ్ళంతా బ్యాడ్జీలు కుట్టుకున్న రంగు రంగు ఓవరాల్స్, బిల్డింగ్‌లో ఉండే సౌనా అనే ఆవిరి స్నానం గది, మే 1న వప్పు అనే పండగకి కొత్త ఇంజినీరింగ్ స్టూడెంట్లని బోనులో ఎక్కించి క్రేన్‌తో ఊరి మధ్య పారే తమ్మెర్‌కోస్కి నీళ్ళలో ముంచడం, ఇవన్నీ పిచ్చిగా అనిపిస్తాయి, కానీ మాట్లాడని ఫిన్‌లు మాట్లాడేది అక్కడే. మందు తాగకపోయినా ఏం కాదు, ఆల్కహాల్ లేని ఆప్షన్ ఇవ్వమంటే ఇస్తారు.

క్రిస్మస్‌కి ఊళ్ళో ఉండిపోయేవాళ్ళకి చివరగా ఒకటి: స్టూడెంట్ రెస్టారెంట్లు డిసెంబర్ మధ్య నుంచే ఒక్కొక్కటిగా మూసేస్తాయి, 24 సాయంత్రానికి బస్సులు, ట్రాములు బాగా తగ్గిపోతాయి, 25న తెరిచిన షాపు వెతుక్కోవాలి. కాబట్టి 23నే ఉల్లిపాయలు, పెరుగు, పాలు, గుడ్లు కొనేసుకోండి, అలాగే ఊళ్ళో ఇంకెవరు మిగిలారో గ్రూప్‌లో అడగండి, బిర్యానీ ఒక్కరికి వండటం దండగ.