తలుపు బరువెంత?

అమెరికాలో ఆఫీసు భవనాలు చూస్తే, వికలాంగుల కోసం చేయాల్సిందంతా ఎప్పుడో చేసేశారనిపిస్తుంది. ర్యాంపు, లిఫ్టు, పార్కింగ్‌లో నీలం గుర్తు, విశాలమైన బాత్‌రూమ్. చాలావరకు 1990లో వచ్చిన ఏడీఏ, అంటే వికలాంగుల పట్ల వివక్ష కూడదనే చట్టం పుణ్యమే. మా టీమ్‌లోకి వీల్‌చైర్ వాడే అనలిస్ట్ వస్తోంది, మేనేజర్‌గా కావలసినవి చూడమని హెచ్‌ఆర్ చెప్పినప్పుడు బిల్డింగ్ వాళ్ళు 'మాదంతా కోడ్ (భవన నియమాలు) ప్రకారమే ఉంది' అని తేల్చేశారు.

అబద్ధం కాదు. కానీ ఆ కోడ్‌లో ఒక తిరకాసు ఉంది. ఉద్యోగి పనిచేసే చోటి విషయంలో అది కోరేది చాలా తక్కువ: అక్కడికి చేరుకోగలగాలి, లోపలికి వెళ్ళి మళ్ళీ బయటికి రాగలగాలి. డెస్కు ముందు కూర్చుని పని చేసుకోగలరా అన్నది మనిషి వచ్చాక, అడిగి తెలుసుకుని సర్దవలసిన సంగతి. 15 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీ, మరీ మోయలేని భారమైతే తప్ప, ఆ సర్దుబాటు చేసి తీరాలి.

హెచ్‌ఆర్ నాకు రెండు జాగ్రత్తలు చెప్పింది. అవసరం కళ్ళకు కనిపిస్తూనే ఉంది కాబట్టి డాక్టర్ కాగితాలు అడగొద్దు. ఆవిడ ఆరోగ్యం గురించి టీమ్‌లో మాట్లాడొద్దు. రెండోదే కష్టం. లంచ్ దగ్గర మనవాళ్ళే, 'పాపం, ఏమైందట?' అని మొదలుపెట్టారు. తెలీదన్నాను. నిజంగానే తెలీదు, తెలియాల్సిన పనీ లేదు.

చేరిన రోజే ఆవిడ నన్ను వెంటబెట్టుకుని ఆఫీసంతా తిరిగింది. డెస్కు కింద సొరుగుల పెట్టె మోకాళ్ళకు అడ్డం. తీసేశాం, పైసా ఖర్చు లేదు. మీటింగ్ రూమ్‌లో టేబుల్ చుట్టూ కుర్చీలు కిక్కిరిసి ఉన్నాయి. ఆవిడ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి హడావుడిగా ఒకటి పక్కకు లాగడం, అందరూ అటే చూడడం ఇబ్బందిగా ఉంటుందంది. తలుపుకు దగ్గర కుర్చీ ఒకటి శాశ్వతంగా ఎత్తేశాం. నడవాలో లాప్‌టాప్ బ్యాగులు పడేసే అలవాటు మాత్రం అంత తొందరగా పోలేదు, నాది కూడా.

అసలు చిక్కు బాత్‌రూమ్ తలుపు. వెడల్పు 32 అంగుళాల పైనే, లెక్క ప్రకారం సరే. కానీ గట్టిగా లాగితే తలుపు రాదు, ఆవిడ వీల్‌చైరే ముందుకు జారుతుంది. ఫైర్ డోర్లను పక్కన పెడితే, లోపలి తలుపులు 5 పౌండ్ల బలానికి తెరుచుకోవాలని నియమం. ఎలా కొలవాలి? ఇండియా వెళ్ళే ముందు సూట్‌కేసులు తూచుకునే కొక్కెం త్రాసు ఇంట్లో ఉందిగా! మర్నాడు పట్టుకెళ్ళి హ్యాండిల్‌కు తగిలించి మెల్లగా లాగాను. 11 పౌండ్లు చూపించింది. ఆ అంకె ఫోటో తీసి పంపితే, అప్పటిదాకా 'కోడ్, కోడ్' అన్న బిల్డింగ్ వాళ్ళు సాయంత్రానికల్లా మనిషిని పంపారు. అతను నిచ్చెనెక్కి, తలుపును దానంతటదే మూసే డోర్ క్లోజర్ స్క్రూ కాస్త కాస్త తిప్పుతూ, ప్రతిసారీ త్రాసు చూసుకున్నాడు. మరీ వదులు చేస్తే తలుపు పూర్తిగా మూసుకోదట. చివరికి 5కి దించాడు.

నేను బొత్తిగా ఆలోచించనిది మంటల సంగతి. మాది నాలుగో అంతస్తు. ఫైర్ అలారం మోగితే లిఫ్టు ఎక్కకూడదు. మెట్ల మీదుగా దించే ఎవాక్యుయేషన్ చైర్ ఒకటి తెప్పించారు, ఇద్దరికి శిక్షణ ఇస్తామన్నారు. ఆవిడ అంతా విని, 'ఆ ఇద్దరూ సెలవులో ఉంటే?' అంది. నలుగురయ్యారు. 'చంకల కింద చేతులేసి ఎత్తొద్దు, ఎలా మారాలో నేను చెప్తాను' అంది. రాసుకున్నాం. 'కిందికి దిగాక నా వీల్‌చైర్ ఎక్కడుంటుంది?' అంది. పైనే ఉంటుంది. అంటే రోడ్డు మీద కదల్లేకుండా కూర్చోవాలి. దానికి జవాబు ఎవరి దగ్గరా లేదు. చివరికి కింద రిసెప్షన్‌లో ఒక మామూలు వీల్‌చైర్ ఉంచాలని, బయటికి వచ్చేటప్పుడు సెక్యూరిటీ గార్డే దాన్ని తీసుకురావాలని ప్లాన్‌లో చేర్చాం. వచ్చే డ్రిల్‌లో ఆవిడ బదులు నేను ఆ ఎవాక్యుయేషన్ చైర్‌లో కూర్చుని దిగాలట. షరతు ఆవిడదే.